అమెరికా కౌంటీ కోర్టులో విడాకుల కేసు రికార్డులు: ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి, ఇండియాలో చెల్లేలా ఎలా తీసుకోవాలి

పాలకొల్లు_సుధ
అక్క విడాకులు 2016లో టెక్సాస్‌లో అయ్యాయి. అప్పటి ఇల్లు ఫ్రిస్కోలో. ఇప్పుడు హైదరాబాద్‌లో మళ్లీ పెళ్లి కుదిరింది, రిజిస్ట్రేషన్‌కి విడాకుల డిక్రీ కావాలంటున్నారు. మా దగ్గర ఉన్నది అప్పట్లో లాయరు ఈమెయిల్‌లో పంపిన పీడీఎఫ్ ఒక్కటే. మొదటి పేజీ స్కాన్ సరిగ్గా రాలేదు, కేసు నంబరు కనిపించడం లేదు. ఏ ఆఫీసుని అడగాలి? నెట్‌లో వెతికితే డబ్బులడిగే సైట్లే వస్తున్నాయి.

కౌంటీకాగితాలు
ముందు కౌంటీ తేల్చుకోండి సుధగారూ. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. ఊరి పేరు చూస్తే ఏ కౌంటీయో తెలియదు. అప్పటి ఇంటి అడ్రసుని రెండు కౌంటీల అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఆస్తి పన్ను కోసం ఇళ్లకి విలువ కట్టే ఆఫీసు) సైట్లలోనూ కొట్టి చూడండి, ఒకదాంట్లోనే దొరుకుతుంది. కేసు మొదట వెతకాల్సింది ఆ కౌంటీలోనే.

అక్కడ లేకపోతే కేసు వేసింది ఎవరో ఆలోచించండి. టెక్సాస్‌లో విడాకులకి వేయాలంటే దంపతుల్లో ఒకరు రాష్ట్రంలో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. భర్త వేశారనుకోండి, అప్పటికే ఆయన ఇర్వింగ్‌కి మారిపోయి ఉంటే కేసు డాలస్ కౌంటీలో ఉండొచ్చు. పెళ్లి ఏ ఊళ్లో అయిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

అడగాల్సింది డిస్ట్రిక్ట్ క్లర్క్‌ని. కౌంటీ క్లర్క్ దగ్గర పెళ్లి లైసెన్సులూ భూమి దస్తావేజులూ ఉంటాయి. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది అక్కడికి డబ్బు కట్టి, 'రికార్డు దొరకలేదు' అన్న జవాబు చూసి కేసే లేదనుకుంటారు. కాలిన్ వాళ్ల ఆఫీసు మెకిన్నీలో, డెంటన్ వాళ్లది డెంటన్ ఊళ్లోనే.

కౌంటీ అస్సలు తెలియకపోతే ఆస్టిన్‌లోని వైటల్ స్టాటిస్టిక్స్ విభాగం 1968 నుంచి జరిగిన విడాకులకి వెరిఫికేషన్ లెటర్ ఇస్తుంది. పేర్లు, తేదీ, కౌంటీ ఉంటాయి. అది డిక్రీ కాదు, డిక్రీ అడిగిన చోట చెల్లదు. ఆచూకీకి మాత్రం బాగా పనికొస్తుంది.

డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి. వాళ్లు అమ్మేది ఎప్పుడో గుత్తగా తీసుకున్న పేర్ల జాబితా. పేసర్‌లోనూ వెతకొద్దు, అది ఫెడరల్ కోర్టులది. విడాకుల కేసు అందులో ఉండదు.

నిజాంపేట_శేషు
పేరు కొట్టి వెతికేటప్పుడు మనవాళ్లకి వచ్చే చిక్కు ఒకటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు దగ్గర 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే దిగుతుంది, దాన్ని చూసి పిటిషన్ రాస్తే కోర్టు సూచికలోనూ అదే. కాబట్టి ఈ వరసలన్నీ కొట్టి చూడండి:

ఇంటిపేరు పూర్తిగా, మొదటి పేరు మొదటి మూడక్షరాలు మాత్రమే. చాలా పోర్టల్స్‌లో చివర నక్షత్రం గుర్తు పెడితే మిగతాది అదే పట్టుకుంటుంది.
మొత్తం పేరు ఇంటిపేరు గడిలో, మొదటి పేరు ఎఫ్‌ఎన్‌యూ.
పెళ్లికి ముందు ఇంటిపేరు, తర్వాత భర్త ఇంటిపేరు, రెండూ.
'వెంకట', 'సాయి', 'లక్ష్మి' లాంటివి మధ్య పేరుగా విడిపోయి ఉంటాయి, వాటిని వదిలేసి.
లక్ష్మిలో 'హెచ్' ఉన్నదీ లేనిదీ, చౌదరి స్పెల్లింగులు నాలుగైదూ.

ఇద్దరిలో ఎవరి పేరు అరుదైనదో దానితో మొదలెట్టండి. రెడ్డి అని కొడితే కాలిన్ కౌంటీలో పేజీలకు పేజీలు వస్తాయి. కేసు శీర్షిక 'ఫలానా వర్సెస్ ఫలానా' అని ఉండదు, 'ఇన్ ద మ్యాటర్ ఆఫ్ ద మ్యారేజ్ ఆఫ్' అని మొదలవుతుంది. పిల్లలుంటే 'ఇన్ ద ఇంటరెస్ట్ ఆఫ్' అని పిల్లల పేర్ల పొడి అక్షరాలు వస్తాయి.

పాలకొల్లు_సుధ
శేషుగారూ, దొరికింది! ఎఫ్‌ఎన్‌యూతోనే. కాలిన్‌లో ఉంది. కానీ రెండు కేసులు కనిపిస్తున్నాయి, 2015లో ఒకటి, 2016లో ఒకటి. రెండింటికీ 'డిస్పోజ్డ్' అనే ఉంది. కేసులో ఏ రోజు ఏం జరిగిందో చూపే పెద్ద పట్టిక ఉంది కానీ డాక్యుమెంట్లు తెరుచుకోవడం లేదు. నంబర్లు ఇవీ:
[మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్
కేసు నంబర్లు, పేర్లు, పిల్లల వివరాలు ఇక్కడ పెట్టకండి. టెక్సాస్‌లో ఆ నంబరు తెలిస్తే ఎవరైనా క్లర్క్ దగ్గరకెళ్లి ఫైలు కాపీ అడగొచ్చు.

కౌంటీకాగితాలు
'డిస్పోజ్డ్' అంటే కేసు ముగిసింది అని మాత్రమే. విడాకులు వచ్చాయని కాదు. ఎలా ముగిసిందో పట్టికలో చివరి వరసలు చూడాలి.

'నాన్‌సూట్' అని ఉంటే వేసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. 'డిస్మిస్డ్ ఫర్ వాంట్ ఆఫ్ ప్రాసిక్యూషన్', కొన్నిచోట్ల పొట్టిగా 'డీడబ్ల్యూఓపీ', అంటే ఎవరూ ముందుకు నడపక కోర్టే కొట్టేసింది. ఈ రెండింట్లోనూ విడాకులు లేవు. 'ఫైనల్ డిక్రీ ఆఫ్ డైవోర్స్' లేదా 'అగ్రీడ్ ఫైనల్ డిక్రీ' అన్న వరస ఉన్నదే మీకు కావాల్సిన కేసు. 2015 నాటిది నాన్‌సూట్ అయి, 2016లో మళ్లీ వేసి ఉంటారని నా అంచనా. సయోధ్య ప్రయత్నం జరిగిన కేసుల్లో ఇది మామూలే.

నంబరు చదవడం కూడా తెలిసుంటే మంచిది. కాలిన్‌లో మొదటి మూడంకెలు కోర్టు నంబరు, చివరివి సంవత్సరం. డెంటన్‌లో సంవత్సరం ముందు, కోర్టు నంబరు చివర. డాలస్‌లో ఫ్యామిలీ కేసులు 'డీఎఫ్' తో మొదలవుతాయి. క్లర్క్‌కి నంబరు మొత్తం ఇవ్వాలి, మధ్య అంకెలు మాత్రమే ఇస్తే వేరే ఫైలు తీస్తారు.

ఇక ఆ పట్టికే అసలు సరుకు. డిక్రీ ఏం చెప్పిందో డిక్రీలో ఉంటుంది, కేసు ఎలా నడిచిందో పట్టికలో ఉంటుంది. పైనుంచి చదవండి. పిటిషన్ ఏ తేదీన పడింది, ఎవరు వేశారు. తర్వాత 'సైటేషన్ ఇష్యూడ్', అంటే నోటీసు తయారైంది, ఇంకా అందలేదు. అందినట్టు చూపేది 'రిటర్న్ ఆఫ్ సర్వీస్', లేదా నోటీసు అందించక్కర్లేదని ఎదుటివాళ్లు సంతకం పెట్టిన 'వేవర్ ఆఫ్ సర్వీస్'. ఆ తర్వాత 'ఆన్సర్', అంటే ఎదుటివాళ్ల జవాబు, ఉందా? 'మీడియేటెడ్ సెటిల్‌మెంట్ అగ్రిమెంట్', అంటే మధ్యవర్తి దగ్గర కుదిరిన ఒప్పందం, ఉందా? 'ప్రూవప్' అన్నది చివరి చిన్న విచారణ. టెక్సాస్‌లో పిటిషన్ పడ్డాక 60 రోజులు ఆగాలి కాబట్టి అంతకుముందే డిక్రీ కనిపిస్తే గృహహింస మినహాయింపు ఉందేమో చూడండి, లేకపోతే మీరు చదువుతున్నది తాత్కాలిక ఉత్తర్వు అయి ఉంటుంది.

డిక్రీ తర్వాత కూడా వరసలు ఉంటే కంగారు పడక్కర్లేదు. 'క్యూడీఆర్ఓ' అన్నది 401కే (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా) పంపకానికి విడిగా ఇచ్చే ఉత్తర్వు. 'ఇన్‌కమ్ విత్‌హోల్డింగ్' అంటే జీతంలోంచి పిల్లల భరణం కోసే ఉత్తర్వు. 'పిటిషన్ టు మాడిఫై' పడితే కేసు మళ్లీ తెరిచినట్టు కనిపిస్తుంది. విడాకులు రద్దయినట్టు కాదు, పిల్లల ఏర్పాట్లు మార్చమని అడిగినట్టు.

బేఏరియా_లలిత
ఇది చదివే కాలిఫోర్నియా వాళ్ల కోసం. అక్కడ కౌంటీకో సుపీరియర్ కోర్టు, మొత్తం 58. డబ్లిన్‌లో ఉంటే అలమీడా కౌంటీ, పక్కనే ఉన్న శాన్ రమోన్ అయితే కాంట్రా కోస్టా. రాష్ట్రంలో 6 నెలలు, కౌంటీలో 3 నెలల నివాసం ఉండాలి.

ఫ్యామిలీ కేసు కాగితాలు బయటివాళ్లకి నెట్‌లో చూపకూడదని అక్కడ కోర్టు నియమమే ఉంది. పట్టిక, విచారణ తేదీలు మాత్రం కనిపిస్తాయి. ఫైలు చూడాలంటే కోర్టుకే వెళ్లాలి, లేదా పోస్టులో అడగాలి. కాబట్టి నెట్‌లో తెరుచుకోలేదంటే సీల్ అయిందని, అంటే ఎవరికీ చూపకుండా కోర్టు మూసేసిందని, అర్థం కాదు.

అడిగేటప్పుడు ఫారం నంబర్లతో అడగండి, గుమాస్తాకి వెంటనే అర్థమవుతుంది. ఎఫ్‌ఎల్-100 పిటిషన్, ఎఫ్‌ఎల్-120 జవాబు, ఎఫ్‌ఎల్-180 తీర్పు, ఎఫ్‌ఎల్-190 తీర్పు నమోదైందన్న నోటీసు. ఎక్కువమంది ఎఫ్‌ఎల్-190 ఒక్కటి పట్టుకుని అదే డిక్రీ అనుకుంటారు. కావాల్సింది ఎఫ్‌ఎల్-180, దానికి జతచేసిన ఒప్పందం పేజీలతో సహా. ఎఫ్‌ఎల్-142 ఆస్తుల జాబితా ఫైల్లో లేదని గాభరా పడొద్దు. అది ఎదుటి పక్షానికి ఇచ్చేదే, కోర్టులో దాఖలు చేయరు. ఇచ్చినట్టు చెప్పే ఎఫ్‌ఎల్-141 మాత్రమే ఫైల్లో ఉంటుంది.

ఎఫ్‌ఎల్-180లో తేదీలు జాగ్రత్త. జడ్జి సంతకం తేదీ ఒకటి, వివాహ స్థితి ముగిసే తేదీ ఒకటి. నోటీసు అందాక 6 నెలలు నిండాలి కాబట్టి తీర్పు ముందే వచ్చినా ఆ రెండో తేదీ వరకు పెళ్లి ఉన్నట్టే లెక్క. ఫారాల్లో 'విడాకుల తేదీ' అంటే ఆ రెండోదే రాయాలి.

విడాకుల రికార్డు సర్టిఫైడ్ కాపీకి 15 డాలర్లు. శాక్రమెంటో నుంచి రాష్ట్ర ఆరోగ్యశాఖ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ రికార్డ్ 1962 నుంచి 1984 జూన్ వరకు జరిగిన విడాకులకే.

ఎడిసన్_మూర్తి
న్యూజెర్సీ: సుపీరియర్ కోర్టు, చాన్సరీ డివిజన్, ఫ్యామిలీ పార్ట్. డాకెట్ నంబరు (అక్కడ కేసు నంబరుని అలా అంటారు) మొదటి రెండక్షరాలే కేసు ఏ రకమో చెప్పేస్తాయి. 'ఎఫ్‌ఎం' విడాకులు, 'ఎఫ్‌డీ' పెళ్లితో ముడిపడని కస్టడీ, భరణం కేసులు, 'ఎఫ్‌వీ' గృహహింస. తర్వాతి రెండంకెలు కౌంటీ: 12 మిడిల్‌సెక్స్, 09 హడ్సన్, 18 సోమర్సెట్. ఒకే జంటకి ఎఫ్‌ఎం, ఎఫ్‌వీ రెండూ ఉండొచ్చు, ఫైళ్లు వేర్వేరు. ఎఫ్‌వీ రికార్డు బయటివాళ్లకి ఇవ్వరు. ఎఫ్‌ఎం ఫైల్లో కూడా ఆదాయ వివరాలు రాసే కేస్ ఇన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్ గోప్యమే.

న్యూయార్క్ పద్ధతి వేరు, చాలామంది అక్కడే బోల్తా పడతారు. అక్కడ 'ఫ్యామిలీ కోర్ట్' అన్న పేరుతో కోర్టు ఉంది కానీ అది విడాకులు ఇవ్వదు. విడాకులు ఇచ్చేది సుప్రీం కోర్టు, ఫైలు ఉండేది ఆ కౌంటీ క్లర్క్ దగ్గర. ఆ ఫైలు దంపతులకీ వాళ్ల లాయర్లకీ తప్ప 100 ఏళ్ల వరకు ఇంకెవరికీ చూపరు. మీ తరఫున తమ్ముడు వెళ్తే నోటరీ చేసిన అధికార పత్రం లేకుండా కిటికీ దగ్గరే ఆపేస్తారు.

చికాగో_రాజు
కుక్ కౌంటీలో సర్క్యూట్ కోర్ట్ క్లర్క్, డొమెస్టిక్ రిలేషన్స్ విభాగం. నంబరులో సంవత్సరం తర్వాత 'డీ' అక్షరం ఉంటే విడాకుల కేసు.

సుధగారూ, సర్టిఫైడ్ కాపీ తీసుకుని అపోస్టిల్ కొట్టిస్తే చాలు, పని అయిపోయినట్టే. ఇండియాలో ఇంకేం అడగరు.

హైకోర్టు_వీధి
రాజుగారూ, ఆ 'చాలు' దగ్గరే వస్తుంది చిక్కు. అపోస్టిల్ చెప్పేది ఒక్కటే: ఈ కాగితం మీద సంతకం, ముద్ర ఫలానా అధికారివే అని. లోపల రాసిన తీర్పు ఇండియాలో చెల్లుతుందా అన్నదానికీ దానికీ పొత్తు లేదు.

చెల్లుబాటు తేల్చేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్. దీని మీద సుప్రీంకోర్టు 1991లో చెప్పిన నరసింహారావు వర్సెస్ వెంకటలక్ష్మి తీర్పు మన తెలుగువాళ్లదే. తిరుపతిలో పెళ్లి, మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో భర్త తెచ్చుకున్న విడాకులు, తర్వాత యాదగిరిగుట్టలో రెండో పెళ్లి. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టారు. మిస్సోరి డిక్రీ ఇక్కడ నిలవలేదు. దంపతుల పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులు ఇవ్వాలని, ఎదుటి పక్షం అక్కడే స్థిరంగా ఉంటూ ఉండాలి, లేదా తనంతట తాను వచ్చి వాదించుకుని ఉండాలి, లేదా విడాకులకి ఒప్పుకుని ఉండాలని కోర్టు చెప్పింది. ఒప్పుకున్న సందర్భంలో మిగతా లోపాలు అడ్డు రావు.

ఆ కేసులోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడ మొదట దాఖలు చేసింది డిక్రీ ఫొటోస్టాట్. ధ్రువీకరణ లేని నకలు సాక్ష్యంగా పనికిరాదన్నారు. లాయరు ఈమెయిల్‌లో పంపిన పీడీఎఫ్‌దీ ఇదే గతి.

అందుకని సుధగారూ, డిక్రీ ఒక్కటీ తెప్పించుకోకండి. ఎదుటి పక్షం కేసులో పాలుపంచుకున్నారని చూపే కాగితాలు కూడా సర్టిఫై చేయించండి. పిటిషన్, వేవర్ లేదా రిటర్న్ ఆఫ్ సర్వీస్, ఆన్సర్ ఉంటే అది, డిక్రీ, పట్టిక కాపీ ఒకటి. 'అగ్రీడ్' డిక్రీ అయి చివరి పేజీల్లో ఇద్దరి సంతకాలూ ఉంటే మీకు పెద్ద బలం. మెకిన్నీ నుంచి అన్నీ ఒకేసారి వస్తే ఖర్చు కొద్దిగా పెరుగుతుంది. రెండేళ్ల తర్వాత ఎవరో అభ్యంతరం పెట్టినప్పుడు మళ్లీ వెతుక్కునే కంటే నయం.

పాలకొల్లు_సుధ
పట్టిక మళ్లీ చూశాను. 2016 కేసు వేసింది బావగారు. 'వేవర్ ఆఫ్ సర్వీస్' ఉంది, ఆన్సర్ లేదు. తర్వాత 'అగ్రీడ్ ఫైనల్ డిక్రీ'. ఇది పర్వాలేదా?

హైకోర్టు_వీధి
చాలా వరకు మంచిదే. మళ్లీ పెళ్లి చేసుకుంటున్నది మీ అక్కగారు, డిక్రీకి ఒప్పుకున్నదీ ఆవిడే, కోర్టుకి వెళ్లింది ఆయన. ఇద్దరిలో ఎవరూ 'నాకు తెలియకుండా జరిగింది' అనడానికి తావు తక్కువ. డిక్రీ చివర ఇద్దరి సంతకాలూ ఉన్నాయో లేదో మాత్రం పేజీ తిప్పి చూడండి. కొన్నిచోట్ల 'అగ్రీడ్' అని శీర్షిక ఉంటుంది, సంతకం లాయర్లది మాత్రమే ఉంటుంది.

అసలు గడ్డు పరిస్థితి 'డిఫాల్ట్' డిక్రీ. ఎదుటివాళ్లు ఇండియాలో ఉండగా నోటీసు కొరియర్‌లోనో వాట్సాప్‌లోనో పంపి, రాలేదని తీర్పు తెచ్చుకున్నవి. విదేశీ కోర్టు నోటీసులు హేగ్ సర్వీస్ ఒప్పందం కింద కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలి, నేరుగా పోస్టులో పంపడానికి ఇండియా ఒప్పుకోలేదు. అలాంటి డిక్రీ చేతిలో ఉన్నవాళ్లు రెండో పెళ్లికి ముందే ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర అంగీకార విడాకులో, డిక్రీ చెల్లుతుందన్న ప్రకటనో తెచ్చుకోవాలి.

ఇంకోటి. డిక్రీలోని డబ్బు భాగాన్ని ఇక్కడ నేరుగా అమలు చేయించలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద గుర్తించిన దేశాల్లో బ్రిటన్ ఉంది, అమెరికా లేదు. అమెరికా డిక్రీ ఆధారంగా ఇక్కడ కొత్త దావా వేయాలి, దానికి గడువు 3 ఏళ్లు.

కౌంటీకాగితాలు
వేవర్ గురించి ఒక తనిఖీ. టెక్సాస్‌లో వేవర్ మీద సంతకం పిటిషన్ దాఖలైన తర్వాతే పెట్టాలి. రెండు కాగితాల తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. కేసు వేయక ముందే వేవర్ సంతకం చేయించేసిన ఫైళ్లు కనిపిస్తుంటాయి, అది తర్వాత ప్రశ్నకి దారి.

ఇక తెప్పించే పద్ధతి. టెక్సాస్ డిస్ట్రిక్ట్ క్లర్కుల దగ్గర సర్టిఫైడ్ కాపీ సాధారణంగా పేజీకి డాలరు. పిల్లలున్న డిక్రీ 40, 50 పేజీలు మామూలే, దాన్ని బట్టి లెక్క వేసుకోండి. పేజీలు ఎన్నో ముందు ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో అడిగి అంతే మొత్తం కట్టండి. తక్కువ పంపితే కవరు తిరిగొస్తుంది. వ్యక్తిగత చెక్కు తీసుకోని చోట మనీ ఆర్డరు పెట్టాలి. స్టాంపు అంటించి అమెరికా అడ్రసు రాసిన కవరు లోపల పెట్టండి. ఇండియా అడ్రసుకి నేరుగా పంపే కౌంటీలు తక్కువ, డాలస్‌లో చుట్టాలుంటే మెకిన్నీ వెళ్లి చేత్తో తెచ్చుకోవడం మేలు. టెక్సాస్‌లో విడాకుల ఫైలు సాధారణంగా బహిరంగమే కాబట్టి వాళ్లకి అధికార పత్రం అవసరం పడదు.

ఆన్‌లైన్‌లో ఇచ్చే డిజిటల్ సర్టిఫైడ్ కాపీ తీసుకోవద్దు. ప్రింటు తీస్తే అది మామూలు కాగితమే, అపోస్టిల్ దగ్గర తిప్పి పంపే ప్రమాదం ఉంది. కాగితం మీద ముద్ర, డిప్యూటీ క్లర్క్ సంతకం, కింద పేరు, తేదీ ఉన్న ప్రతి అడగండి. 'ఇండియాకి అపోస్టిల్ కోసం' అని దరఖాస్తులోనే రాయండి. గీత గీసినట్టు పొడి సంతకం పెట్టి పేరు రాయకపోతే అక్కడే సరిచేయించుకోవాలి.

ఎడిసన్_మూర్తి
అపోస్టిల్ ఇచ్చేది కౌంటీ కాదు, రాష్ట్రం. ఏ రాష్ట్రం కాగితానికి ఆ రాష్ట్రమే ఇవ్వాలి. టెక్సాస్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్, ఫారం 2102, కాగితానికి 15 డాలర్లు. దేశం గడిలో ఇండియా అని రాయడం మరిచిపోవద్దు. కాలిఫోర్నియాలోనూ సెక్రటరీ ఆఫ్ స్టేట్, 20 డాలర్లు. న్యూజెర్సీలో ట్రెజరీ శాఖ, 25 డాలర్లు. జార్జియాలో సుపీరియర్ కోర్టు క్లర్కుల సహకార అథారిటీ, అట్లాంటా వాళ్లు సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి పంపి వృథాగా ఎదురుచూస్తుంటారు. న్యూయార్క్‌లో కౌంటీ క్లర్క్ ధ్రువీకరణ, ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ ఆఫ్ స్టేట్.

ఇండియా అపోస్టిల్ ఒప్పందంలో 2005 నుంచి ఉంది. కాబట్టి దీని మీద మళ్లీ కాన్సులేట్ ముద్ర అక్కర్లేదు. ఎవరైనా ఏజెంటు రెండూ కావాలని డబ్బు అడిగితే వద్దనండి.

అపోస్టిల్ పేజీని పిన్ను కొట్టి ఇస్తారు. జిరాక్స్ తీయడానికి ఆ పిన్ను ఊడదీయొద్దు. ఊడిన రంధ్రాలు చూసి పేజీలు మార్చారని తిరస్కరిస్తారు.

నిజాంపేట_శేషు
న్యూయార్క్ లాంటి చోట్లకి ఇండియా నుంచి అధికార పత్రం పంపాల్సి వస్తే హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో నోటరీ చేయించొచ్చు, ముద్రకి 50 డాలర్లు, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. సంతకం అక్కడే, అధికారి ముందే పెట్టాలి. ఇంట్లో పెట్టేసి తీసుకెళ్తే మళ్లీ కొత్త కాగితం.

పాలకొల్లు_సుధ
అందరికీ చాలా థాంక్సండీ. చుట్టాలబ్బాయి సోమవారం మెకిన్నీ వెళ్తున్నాడు. చివరిగా ఒక్కటి. పాత పీడీఎఫ్‌లో రెండు తేదీలు ఉన్నాయి. ఒకచోట 'ప్రొనౌన్స్‌డ్ అండ్ రెండర్డ్' అని ఒక తేదీ, జడ్జి సంతకం దగ్గర పదకొండు రోజుల తర్వాతి తేదీ. దరఖాస్తులో ఏది రాయాలి?

కౌంటీకాగితాలు
జడ్జి కోర్టులో నోటితో ఇచ్చిన రోజు మొదటిది, కాగితం మీద సంతకం పెట్టింది రెండోది. టెక్సాస్‌లో విడాకులు మామూలుగా నోటితో ఇచ్చిన రోజు నుంచే లెక్క. కానీ ఆ వాక్యం ఎలా రాశారో పూర్తిగా చదవండి, కొన్ని డిక్రీల్లో సంతకం రోజే ఇచ్చినట్టు రాస్తారు. దరఖాస్తులో ఆ వాక్యంలో ఉన్న తేదీ రాసి, సంతకం తేదీ కూడా పక్కన పెట్టండి. అన్ని ఫారాల్లోనూ ఒకటే వాడండి. పాస్‌పోర్టులో ఒకటి, పెళ్లి రిజిస్ట్రేషన్‌లో ఇంకోటి ఉంటే తర్వాత వీసా ఇంటర్వ్యూలో దాని మీదే అడుగుతారు.

మెకిన్నీ వెళ్లే అబ్బాయికి చెప్పండి, కాపీలు చేతికి రాగానే అక్కడే పేజీలు లెక్కపెట్టుకోమని. డిక్రీకి జతచేసిన ఎగ్జిబిట్లు వదిలేసి సర్టిఫై చేసేయడం జరుగుతుంటుంది.